చిన్న ప్రొసీజరే కదా అనకండి

గుండె జబ్బు మనిషిని బైపాస్‌కి తీసుకెళ్ళేటప్పుడు ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కార్డియాలజిస్టు చూస్తాడు. మత్తు డాక్టరు ముందు రోజు సాయంత్రమే వార్డుకొచ్చి పక్కన కూర్చుని వివరాలన్నీ రాబడతాడు. బావమరుదులు రక్తం ఇవ్వడానికి తయారుగా ఉంటారు. అదే మనిషిని ఇంకో ఏడాదికి ఎండోస్కోపీకో, మొలల ఆపరేషనుకో, మూత్రనాళంలో వేసిన స్టెంటు తీయించడానికో తీసుకెళ్ళండి. "పది నిమిషాల పనండీ, కాస్త మత్తిస్తాం, మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోవచ్చు" అంటారు కౌంటర్లో. హమ్మయ్య అనుకుంటాం. పాత ఎకో (గుండె స్కానింగు) రిపోర్టు బీరువాలోనే ఉండిపోతుంది.

ఈ అధ్యాయం ఆ రిపోర్టు గురించి. గుండె పెద్దదైన మనిషికి నరంలోంచి మత్తు మందు ఎక్కిస్తే లోపల ఏం జరుగుతుందో ఒకసారి అర్థమైతే, ఆ కాగితం ఇంట్లో మర్చిపోయి వెళ్ళడం మీ వల్ల కాదు. బెదరగొట్టడానికి రాయడం లేదు. గుండె బాగా బలహీనపడ్డ వాళ్ళకు కూడా రోజూ మత్తు ఇస్తూనే ఉన్నారు, వాళ్ళు లేచి ఇంటికి వెళ్తూనే ఉన్నారు. సిరంజి పట్టుకున్న మనిషికి ముందే సంగతి తెలియడం వల్ల అది సాధ్యమవుతోంది. తెలియజేసే పనిలో సగం మనది.

ఏ రకం పెద్ద గుండె?

"గుండె పెద్దదైంది" అనే మాట చాలాసార్లు ఎక్స్‌రే దగ్గర పుడుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో గుండె నీడ వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే కార్డియోమెగలీ అని రాస్తారు. దాన్ని అనుమానంగా తీసుకోవాలే తప్ప తీర్పుగా కాదు. మంచం మీద పడుకోబెట్టి ముందు వైపు నుంచి తీసినా, రోగి గట్టిగా ఊపిరి పీల్చకపోయినా మామూలు గుండె కూడా ఫిల్ములో పెద్దగా పడుతుంది. తేల్చి చెప్పేది ఎకో.

ఎకోలో బయటపడే పెద్ద గుండెలు ముఖ్యంగా రెండు తీర్లు. ఒకటి, గది సాగిపోయి, పిండే శక్తి తగ్గిన గుండె. డైలేటెడ్ కార్డియోమయోపతి అని రాసి ఉంటే అది ఈ రకమే. గుండెపోటులో కొంత కండరం చచ్చుపడ్డ వాళ్ళలో, ఏళ్ళ తరబడి తాగిన వాళ్ళలో, వైరస్ గుండెకు తగిలిన వాళ్ళలో, కొన్ని కేన్సర్ మందులు వాడిన వాళ్ళలో ఇలాంటి మార్పు వస్తుంది. చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల కవాటాలు లీకవుతూ వచ్చిన వాళ్ళ గుండె కూడా చివరికి ఇలాగే సాగుతుంది. రెండోది, గోడ దళసరెక్కి లోపలి గది ఇరుకైన గుండె. బీపీని ఏళ్ళకేళ్ళు పట్టించుకోని వాళ్ళకు వస్తుంది. బృహద్ధమని కవాటం సన్నబడ్డ వాళ్ళకూ వస్తుంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే వంశపారంపర్య జబ్బులో ఏ బీపీ లేకుండానే వస్తుంది.

మొదటి గుండెకు పిండే బలం లేదు. రెండోదానికి బలం ఉంది, నిండడానికి చోటు లేదు. మత్తు డాక్టరు ఈ రెండింటినీ కాపాడే పద్ధతులు కొన్ని చోట్ల ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అందుకే "మా నాన్నకు గుండె పెద్దదండీ" అని ఊరుకుంటే చెప్పాల్సినదాంట్లో సగమే చెప్పినట్టు.

రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కసారి ముడుచుకుంటే ఎంత శాతం బయటికి నెడుతోందో ఆ అంకె చెబుతుంది. 55 నుంచి 70 దాకా మామూలు. 40, అంతకంటే కిందికి వస్తే పిండే శక్తి బాగా తగ్గినట్టు. నూటికి నూరు రావాలనుకుని, 60 చూసి బెంబేలెత్తే వాళ్ళున్నారు. పరీక్ష మార్కులు కావవి. ఇంకో పొరపాటు దీనికి తలకిందులుగా జరుగుతుంది. దళసరి గోడ గుండెలో ఈఎఫ్ 65, 70 కూడా ఉండొచ్చు, అది చూసి అంతా బాగుందనుకుంటారు. ఆ రకంలో చూడాల్సింది గోడ మందం, రక్తం బయటికెళ్ళే దారిలో అడ్డు ఉందా లేదా అన్నది. అవి అదే కాగితంలో వేరే వరుసలో ఉంటాయి.

పాలలాంటి ఆ మందు

ఎండోస్కోపీ గది మొదలుకుని పెద్ద ఆపరేషన్ థియేటర్ దాకా ఇవాళ నరంలోకి ఎక్కువగా ఇచ్చే మత్తు మందు ప్రొపోఫాల్. నీళ్ళలో సరిగా కరగదు కాబట్టి సోయా నూనెలో కలిపి, గుడ్డు సొనలోని లెసిథిన్‌తో చిక్కటి తెల్లటి ద్రవంగా తయారుచేస్తారు. చూడ్డానికి అచ్చం పాలే. దీన్ని వెలుగులోకి తెచ్చింది ఒక పశువైద్యుడు, జాన్ గ్లెన్, బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో పనిచేస్తూ. 1986లో అక్కడ వాడకంలోకి వచ్చింది, 1989లో అమెరికా అనుమతించింది, 2018లో గ్లెన్‌కు లాస్కర్ అవార్డు దక్కింది. మామూలు జనానికి ఈ మందు పేరు తెలిసింది మాత్రం మైకేల్ జాక్సన్ చావుతో. 2009 జూన్ 25న ఆయన ఇంట్లో, సరైన పర్యవేక్షణ ఏర్పాట్లు లేకుండా నిద్ర కోసం ఈ మందు ఇచ్చారు. అప్పటినుంచి పేరు వింటేనే జడుసుకునే వాళ్ళున్నారు. ఊపిరినీ బీపీనీ కనిపెట్టుకుని ఉండే మనిషి పక్కన లేకపోవడమే ఆ కథలో అసలు నేరం.

పెద్ద గుండె మీద ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే, ఆ గుండె మామూలు రోజున ఎలా నెట్టుకొస్తోందో ముందు చెప్పాలి. బలహీనపడ్డ గుండె సొంత సత్తువతో నడవదు. ఎత్తు దారిలో బండి లాగే ముసలి ఎద్దు వెనక ములుకర్ర ఆడుతూనే ఉన్నట్టు, అడ్రినలిన్, నారడ్రినలిన్ దాన్ని క్షణక్షణం అదిలిస్తుంటాయి. వాటి వల్లే గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్ళంతా రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి. ఈఎఫ్ 25 ఉన్న పెద్దాయన వరండాలో కుర్చీలో కూర్చుని, బీపీ 110 మీద 70తో, పేపరు చదువుకుంటూ మామూలుగా కనిపించడం వెనక ఇంత తతంగం ఉంది. కనిపించే ఆ ప్రశాంతతను చూసి ఇంట్లోవాళ్ళు మోసపోతారు. ఒక్కోసారి డాక్టర్లూ మోసపోతారు.

ప్రొపోఫాల్ మెదడును నిద్రపుచ్చుతూనే ఈ అదిలింపును ఆపేస్తుంది. బిగుసుకున్న సిరలు వదులవుతాయి, రక్తం కాళ్ళలో, పొట్టలో నిలిచిపోయి గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. ధమనులు వదులై బీపీ దిగుతుంది. ఆరోగ్యవంతుడికైతే బీపీ తగ్గిన వెంటనే మెడలోని ధమని గోడల్లో ఉండే నాడీ కొసలు పసిగట్టి గుండెను తొందరపెడతాయి. ఈ మందు ఆ స్పందనను కూడా మొద్దుబారుస్తుంది. ఆరోగ్యవంతుడికి సైతం మత్తు ఎక్కే సమయంలో బీపీ నాలుగో వంతు పడటం వింత కాదు. వాళ్ళు తట్టుకుంటారు, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

మందు గుండె కండరాన్ని నేరుగా కుంగదీస్తుందని చాలామంది నమ్మకం. మనిషి గుండె కండరపు పోగుల మీద ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే, వైద్యంలో మామూలుగా వాడే స్థాయిలో నేరుగా పడే దెబ్బ స్వల్పమే. జబ్బు గుండెలోనూ పెద్ద తేడా లేదు. ఊతం ఊడిపోవడమే దెబ్బ. ఇది నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి, ఎందుకంటే దీన్నిబట్టే ఏం చేయాలో తెలుస్తుంది. ఊతం పోతుందని ముందే తెలిసిన డాక్టరు, మత్తుకన్నా ముందే ఇంకో ఊతం సిద్ధం చేసుకుంటాడు. నారడ్రినలిన్ సన్నటి ధారగా ఎక్కించడం మొదలుపెడతాడు, లేదా మన ఆసుపత్రుల్లో బాగా వాడుకలో ఉన్న మెఫెంటర్మిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుంటాడు. పెద్ద ఆపరేషన్ అయితే మణికట్టు ధమనిలో సన్నటి గొట్టం పెట్టి, ప్రతి స్పందనకూ బీపీ తెర మీద కనబడేలా ఏర్పాటు చేసుకున్నాకే మత్తు మొదలవుతుంది.

ముందు తెలియకపోతే ఏమవుతుంది? బీపీ పడితే గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనుల్లోనూ ప్రవాహం తగ్గుతుంది. అసలే బలహీనమైన కండరానికి ఆక్సిజన్ చాలదు, అది ఇంకా తక్కువ పిండుతుంది, బీపీ ఇంకా పడుతుంది. ఈ సుడిగుండం బిగుసుకోవడానికి నిమిషాలు చాలు.

ఒక నిమిషం ఓపిక

మోతాదు లెక్క చూడండి. అరవై కిలోల ఆరోగ్యవంతుడిని పూర్తిగా నిద్రపుచ్చడానికి కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 మిల్లీగ్రాములు కావాలి. సిరంజిలో అది 12 మిల్లీలీటర్లు. చేతి నరంలోకి నెట్టాక ముప్పై, నలభై సెకన్లలో రెప్పలు వాలిపోతాయి.

గుండె బలహీనమైన మనిషిలో రక్తం తిరగడమే నెమ్మది. చేతి నుంచి గుండెకు, గుండె నుంచి మెదడుకు మందు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఒక్కోసారి నిమిషం దాటుతుంది. ప్రమాదమంతా ఆ ఎడంలో ఉంది.

ఎండోస్కోపీ గదిని ఊహించుకోండి. పెద్దాయన ఎడమ పక్కకు తిరిగి పడుకున్నారు. నోట్లో ప్లాస్టిక్ రింగు, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, వేలికి క్లిప్పు. తెల్లటి మందు రెండు మిల్లీలీటర్లు లోపలికి వెళ్ళింది. చెయ్యి కాస్త లాగేసుకున్నారు. ప్రొపోఫాల్ నరంలో మంట పుట్టిస్తుంది, చాలామందికి అంతే, దానికి కంగారు అక్కర్లేదు. ఇరవై సెకన్లు. ముప్పై. కళ్ళు తెరిచే ఉన్నాయి. స్కోపు పట్టుకుని నిలబడ్డ డాక్టరు "ఇంకా పడుకోలేదా?" అంటారు. బయట బెంచీ మీద ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. సిరంజి వెనక బొటనవేలు ఇంకో ఐదు మిల్లీలీటర్లు నెడుతుంది. అప్పటికి మొదటిది దారిలోనే ఉంది. కాసేపటికి రెండూ జతకట్టినట్టు ఒకేసారి పనిచేయడం మొదలుపెడతాయి. బీపీ పట్టీ అప్పుడే ఒకసారి బిగుసుకుని వదిలింది కాబట్టి తర్వాతి కొలత రావడానికి ఇంకా నిమిషాలు పడుతుంది. తెర మీద ఇంకా పాత అంకే కనబడుతోంది.

అదే గదిలో, పెద్దాయన గుండె సంగతి తెలిసిన చెయ్యి ఏం చేస్తుందో చూడండి. 20 మిల్లీగ్రాములు ఇచ్చి ఆగుతుంది. "ఏ ఊరండీ మీది?" అని మాట కలుపుతుంది. బీపీ పట్టీని నిమిషానికోసారి కొలిచేలా పెట్టుకుంటుంది. ఇంకో 20. మళ్ళీ ఆగుతుంది. మాట తడబడుతుంది, సాగుతుంది, ఆగిపోతుంది. ఆరోగ్యవంతుడి మోతాదులో సగం, అంతకన్నా తక్కువతోనే నిద్ర వచ్చేసింది. స్కోపు పట్టుకున్న డాక్టరు రెండు నిమిషాలు ఎదురుచూశారు, అంతే. మందూ అదే, మనిషీ అతనే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. బీపీ పడితే ఆరోగ్యవంతుడికి చేసే మొదటి వైద్యం సెలైన్ జోరుగా వదలడం. సాగిన గుండెకు ఆ నీళ్ళు నెట్టే శక్తి లేదు. సెలైన్ బాటిల్ గబగబా ఎక్కిస్తే అది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఇంటికొచ్చిన రాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటారు. దళసరి గోడ గుండెకు మాత్రం ఆ నీళ్ళు కావాలి. అది నిండుగా, నిదానంగా, నాళాలు బిగుతుగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. ఖాళీ అయితే లోపలి గోడ దారికి అడ్డం పడి రక్తం బయటికి పోదు. అడ్రినలిన్ తరహా మందులు దాని పిండే వేగం పెంచి ఆ అడ్డును ఇంకా బిగిస్తాయి. అక్కడ రక్తనాళాలను మాత్రమే బిగించే ఫినైలెఫ్రిన్ లాంటి మందు మేలు. ఏ రకం పెద్ద గుండె అన్నది ముందే చెప్పమనడం ఇందుకే.

వేరే మందులు లేవా?

ఉన్నాయి. ఎటోమిడేట్ అనే మందు బీపీని పెద్దగా కదిలించదు, అందుకే బలహీన గుండెలకు చాలామంది డాక్టర్లు దానివైపు మొగ్గుతారు. దాని లోపం వేరు. ఒక్క మోతాదు ఇచ్చినా అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ తయారుచేయడం కొన్ని గంటలపాటు, ఒక్కోసారి రోజు దాకా, మందగిస్తుంది. ఒంట్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఆ కార్టిసాలే కావాలి. కెటమిన్ 1970 నుంచీ వాడుకలో ఉన్న పాత కాపు. ఒంట్లోని అడ్రినలిన్‌ను రేపి బీపీని పైకి ఎత్తుతుంది. వినడానికి బాగుంది. అయితే నెలల తరబడి అదిలింపు మీదే బతికి ఆ నిల్వలు తరిగిపోయిన గుండెకు కెటమిన్ ఇస్తే, రేపడానికి ఏమీ మిగలక కండరాన్ని కుంగదీసే దాని రెండో గుణం బయటపడుతుంది. దళసరి గోడ వల్ల దారికి అడ్డున్న గుండెకైతే వేగం పెంచే మందు అసలే పడదు.

ఫోన్లో చదివి వెళ్ళి "మాకు ప్రొపోఫాల్ వద్దండీ, ఎటోమిడేట్ ఇవ్వండి" అని అడగడం ఈ మధ్య మొదలైంది. నా మాట వింటే ఆ పని చేయకండి. మందు ఎంపిక వాళ్ళకు వదిలేయండి. అలవాటున్న డాక్టరు చేతిలో నెమ్మదిగా వెళ్ళే ప్రొపోఫాల్, అలవాటు లేని చేతిలో తొందరగా వెళ్ళే ఎటోమిడేట్ కంటే మేలు. మీ దగ్గర ఉన్న సమాచారం వాళ్ళ దగ్గర లేదు, మీరు ఇవ్వాల్సింది అది.

"అయితే వెన్నులో ఇంజెక్షన్ ఇస్తే సేఫ్ కదా" అనేది ఇంకో మాట. వెన్నులో ఇచ్చే మత్తు కూడా నడుము కిందున్న రక్తనాళాలన్నింటినీ ఒక్కసారిగా వదులు చేస్తుంది. కవాటం బాగా సన్నబడిన గుండెకు, దారికి అడ్డున్న దళసరి గుండెకు అది ప్రొపోఫాల్ అంత ముప్పే తేగలదు. చెయ్యికో కాలికో సంబంధించిన ఆపరేషన్ అయితే ఆ భాగానికి మాత్రమే స్పర్శ పోగొట్టే నరాల బ్లాకు చాలాసార్లు మంచి దారి. కంటి శుక్లానికి చుక్కల మందే సరిపోవచ్చు. ఎండోస్కోపీని గొంతులో స్ప్రే కొట్టి, మత్తు లేకుండానే చేయించుకోవచ్చు. కాసేపు ఓర్చుకోవాలి, వాంతి వచ్చినట్టుంటుంది, అంతే. ఈఎఫ్ 25 ఉన్న మనిషికి నేనైతే ముందుగా అడగమనేది ఇదే: "మత్తు లేకుండా చేసే వీలుందా, సార్?" అలా అడిగితే తక్కువ చేసి చూస్తారేమో అనుకోవద్దు. చాలామంది డాక్టర్లు ఊపిరి పీల్చుకుంటారు.

బాలింతలు, తాగుడు: ఇళ్ళలో దాచే రెండు సంగతులు

ఇది మన రెండు తెలుగు రాష్ట్రాల ఆడవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. గర్భం చివరి నెల నుంచి కాన్పయిన ఐదు నెలల లోపు, అప్పటిదాకా ఏ జబ్బూ లేని ఆడమనిషికి గుండె సాగి బలహీనపడే జబ్బు ఒకటుంది. పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. అరుదే గానీ, లక్షణాలు మోసం చేస్తాయి. ఆయాసం, కాళ్ళ వాపు, నీరసం, రాత్రి పడుకుంటే దగ్గు. బాలింతకు ఇవన్నీ మామూలేనని అత్తగారూ అమ్మా కూడా తీసిపారేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికి పెళ్ళయి ఉన్న 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఆ ఆపరేషన్ చాలామందికి కాన్పు వెంటనే, లేదా తర్వాతి కొద్ది నెలల్లో జరుగుతుంది. అంటే జబ్బు తొంగిచూసే నెలలూ, మత్తు తీసుకునే నెలలూ ఒకటే. బాలింత రెండు దిండ్లు లేనిదే పడుకోలేకపోతోందంటే, నాలుగు అడుగులకే ఆయాసపడుతోందంటే, ఆపరేషన్ బల్ల ఎక్కించే ముందు ఒక ఎకో తీయించండి. ఆ ఆపరేషన్ నెల ఆగితే కొంప మునగదు.

తాగుడు సంగతి. రోజూ తాగే మనిషికి మెదడు అలవాటు పడి మత్తు మందు ఎక్కువ కావాల్సి వస్తుంది. అదే తాగుడు గుండెను సాగదీసి ఉంటే ఆ గుండె తక్కువ మందుకే కూలబడుతుంది. డాక్టరుకు ఇంతకంటే ఇరకాటం లేదు. భార్యాపిల్లల ముందు "అప్పుడప్పుడూ పండక్కి" అనే మనిషి, వాళ్ళను బయటికి పంపాక నిజం చెబుతాడు. మీరే బయటికి వెళ్ళండి. "సార్, మీరొక్కరే ఉన్నప్పుడు ఆయన్ని ఒకసారి అడగండి" అని డాక్టరు చెవిన వేయండి.

మాత్రల డబ్బా

వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, ఖాళీ అట్టలైనా సరే. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బిసోప్రొలాల్ లాంటివి హఠాత్తుగా ఆపితే గుండె దడదడలాడుతుంది, వాటిని సాధారణంగా ఆ పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ జాతివి మత్తులో బీపీని ఇంకా పడేస్తాయి. బీపీ కోసం వాడుతుంటే ముందు రోజు ఆపమనడం కద్దు, గుండె బలహీనతకు వాడుతుంటే కొనసాగించమనీ అనొచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగరుకనే తెలుసు మనకు, ఇప్పుడు గుండె బలహీనతకూ రాస్తున్నారు. ఉపవాసంతో కలిస్తే ఇవి షుగరు అంకె బాగానే కనబడుతుండగా రక్తంలో ఆమ్లాలు పెంచగలవు కాబట్టి మూడు రోజుల ముందు ఆపమంటారు. రక్తం పలచన చేసే మాత్రలు, నీటి మాత్రలు సరేసరి. ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో తేదీతో సహా కాగితం మీద రాయించుకోండి. ఈ పేరా చదివి మీరే ఆపేయకండి.

పరగడుపు విషయంలో అతి చేస్తారు. తేలికపాటి భోజనం తర్వాత ఆరు గంటలు, నూనె పదార్థాలైతే ఎనిమిది, పాలు కలిపిన కాఫీకి ఆరు, మంచినీళ్ళకు రెండు గంటలు. రాత్రి ఎనిమిదికి తిని మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్ళు కూడా ముట్టకుండా పెద్దాయన్ని కూర్చోబెడితే రక్తనాళాలు ముందే వట్టిపోతాయి, మత్తు ఎక్కగానే బీపీ మరింత పడుతుంది. గుండె జబ్బుకు నీళ్ళ పరిమితి ఉంటే ఆ పరిమితిలోనే.

ఏం చెప్పాలి, ఏం అడగాలి

డాక్టరు ముందు నోరు పెగలని వాళ్ళం మనం. "ఆయనకు తెలియదా ఏంటి" అనుకుంటాం. ఆయనకు తెలియదు. మీ నాన్నగారిని ఆయన చూస్తున్నది పది నిమిషాల నుంచే. రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటారో ఏ పరికరమూ కొలవదు. కాబట్టి మాటలు ముందే కూర్చుకుని వెళ్ళండి. ఇలా చెబితే చాలు:

"సార్, నాన్నగారికి గుండె సాగిందని మూడేళ్ళ కింద చెప్పారు. మొన్న శ్రావణంలో తీసిన ఎకోలో ఈఎఫ్ 30. రెండు దిండ్లు లేనిదే పడుకోరు. ఒక అంతస్తు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకుంటారు. పోయిన వారం కాళ్ళు వాచాయి, ఇప్పుడు లేవు. పేస్‌మేకర్ లేదు. ఇదివరకు ఒకసారి మత్తిచ్చినప్పుడు బీపీ పడిపోయి ఐసీయూలో ఉంచారు. మాత్రలు ఇవి."

అర నిమిషం పట్టదు. మెట్ల సంగతి తప్పక చెప్పండి. ఆగకుండా రెండు అంతస్తులు ఎక్కగలిగిన మనిషికీ, స్నానాల గదికి వెళ్ళొచ్చేసరికే కూలబడే మనిషికీ ఈఎఫ్ ఒకటే ఉండొచ్చు, మత్తును తట్టుకునే శక్తి మాత్రం ఒకటి కాదు. ఆ రోజు ఆయాసం ఉన్నా, పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతున్నా, అత్యవసరం కాని ప్రొసీజర్ వాయిదా వేయమని మీరే అడగండి. నీరు తీసి, మందులు సర్ది, రెండు వారాలాగి చేస్తే అదే మనిషికి అదే మత్తు చాలా తేలిగ్గా గడుస్తుంది.

తర్వాత మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మొహమాటం లేకుండా అడగండి. మత్తు ఎవరు ఇస్తారు? ప్రొసీజర్ చేసే డాక్టరే నర్సుతో ఇప్పిస్తారా, మత్తు కోసం వేరే డాక్టరు ఉంటారా? ఆరోగ్యవంతుడికి మొదటి ఏర్పాటు నడవొచ్చు. గుండె సాగిన మనిషికి, గోడ దళసరెక్కిన మనిషికి మత్తు డాక్టరు ప్రత్యేకంగా ఉండాల్సిందే, ఆయనకు వేరే పని ఉండకూడదు. వాళ్ళు లేరంటే ఇంకో ఆసుపత్రి చూసుకోండి. దానికి రెండు మూడు వేలు ఎక్కువైతే, ఆ ఖర్చు దండగ అనుకోకండి.

ప్రొపోఫాల్ నిద్ర ఐదు, పది నిమిషాల్లో తేలిపోతుంది, మనిషి లేచి కాఫీ అడుగుతాడు. లేచాడు కదా అని బండి ఎక్కించకండి. బీపీ నిలకడగా ఉందని చెప్పేదాకా అక్కడే ఉంచండి, ఆ రోజంతా ఒంటరిగా వదలకండి, ఇరవై నాలుగు గంటలు బండి నడపనివ్వకండి, సంతకాలు పెట్టనివ్వకండి. రాత్రి ఆయాసం వచ్చినా, పడుకోలేక లేచి కూర్చున్నా తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు.

ఇప్పుడే బీరువా తెరిచి చివరి ఎకో రిపోర్టు ఫోటో తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. అది ఏడాది కంటే పాతదైతే, లేదా అప్పటినుంచి ఆయాసం పెరిగి ఉంటే, ప్రొసీజర్ తేదీ ఖాయం చేసే ముందు కొత్తది తీయించండి.